ఒక్క తాళానికి: లంబసింగి చలిలో మా డీజిలు కారు

లంబసింగి వెళ్లొచ్చిన వాళ్లందరూ మంచు గురించి చెబుతారు. వెళ్లని వాళ్లకి ఫోటోలు చూపించి ఊరిస్తారు. ఆ మంచులో తెల్లవారుజామున కారు లేస్తుందా, లేవకపోతే మనిషి గతేమిటి అన్నది మాత్రం ఒక్కరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది అనకాపల్లి. బెల్లం మార్కెట్లో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేశాను. ఆ ముప్పై ఏళ్లలో ఎవరి కారెక్కినా నన్ను వెనక సీట్లో మధ్యనే కూర్చోబెట్టారు. మోకాళ్లు గడ్డానికి తగిలేవి. పెళ్లికెళ్లినా అంతే, చావుకెళ్లినా అంతే. ఎవరెవరు అలా కూర్చోబెట్టారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. పదకొండేళ్ల కిందట ఒక పాత డీజిలు కారు కొనుక్కున్నది అందుకే. ముందు సీటు, కిటికీ పక్కన, నా ఇష్టం.

కిందటి చలికాలం చుట్టాలందరం కలిసి అరకు వెళ్లాం. పొద్దున్నే నా కారు లేవలేదు. నా తోడల్లుడు సూరిబాబు తన కొత్త కారుకి తాడు కట్టి లాగాడు. లాగితే లాగాడు, దాన్ని వీడియో తీయించి కుటుంబం గ్రూపులో "అన్నయ్యగారి ఎడ్లబండి" అని పెట్టాడు. పంతొమ్మిది మంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ పేర్లన్నీ నా దగ్గరున్నాయి.

తర్వాత విశాఖలో ఒక సర్వీసు సెంటరుకి మూడుసార్లు తీసుకెళ్లాను. మూడుసార్లూ వాళ్లు మిట్టమధ్యాహ్నం ఎండలో తాళం తిప్పారు. అది టక్కున లేచింది. "లోపం కనబడలేదు" అని కాగితం చేతిలో పెట్టారు. మూడోసారి కౌంటరు దగ్గర మనిషి, "మీరు స్టార్ట్ చేసే పద్ధతి ఒకసారి చూసుకోండి సార్" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోను.

చివరికి మా ఊరి మెకానిక్ అప్పారావు దారి చెప్పాడు. "జొరం వచ్చినప్పుడు సూపించాల గానీ, తగ్గిపోయాక అట్టుకెల్తే డాక్టరు మాత్రం ఏటి సేత్తాడు బావా? దాన్ని సలిలోకి తోలుకెల్లు. అక్కడే ఎవులికైనా సూపించు."

మా ఆవిడ నూకరత్నం ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. "రెండు తెల్లార్లు ఇత్తాను. రెండోదానికైనా ఒక్క తాళానికి లేవకపోతే, సూరిబాబు సెప్పిన మనిషికి ఆదివారం అమ్మేద్దాం. మళ్లీ తగువులాడకూడదు." సరే అన్నాను. మాటంటే మాటే.

మాడుగుల

నర్సీపట్నం మీదుగా వెళితే దగ్గర. కానీ నూకరత్నానికి హల్వా కావాలి, కాబట్టి మాడుగుల మీదుగా పాడేరు ఘాటీ ఎక్కి చుట్టూ తిరిగి వెళ్లాం. డిసెంబరు ఎండ చెరుకు తోటల మీద పడి మెత్తగా ఉంది. కారు పాడుకుంటూ పోతోంది. సర్వీసు సెంటరు వాళ్లు చూస్తే మళ్లీ అదే కాగితం ఇచ్చేవారు.

హల్వా కొట్టాయన ఊరడిగాడు. అనకాపల్లి అన్నాను. "బెల్లం తినీవోల్లకి మా హల్వా ఏటి ఆనుతాదిలెండి" అన్నాడు నవ్వుతూ. పావుకిలో నూట యాభై. మొన్నటేడాది ఇంత లేదు. ఈ రెండూ మనసులో పెట్టుకునే నోట్లో వేసుకున్నాను. గోధుమపాలని ఎన్ని గంటలు తిప్పితే అలా అవుతుందో గానీ, నమలక ముందే గొంతులోకి జారిపోయింది. నెయ్యి వాసన మాత్రం పెదాల మీద ఉండిపోయింది. ఇంకో పావుకిలో కట్టమన్నాను. ఆయన ఏమీ అనకుండా కట్టాడు. అనుంటే బాగుండేది.

ఘాటీ

ఘాటీ ఎక్కుతుంటే వెనక బస్సు ఆపకుండా హారను కొట్టింది. పక్కకి తీసి దారిచ్చాను. చేత్తో కృతజ్ఞత కూడా చూపించకుండా పోయాడు డ్రైవరు. కానీ అలా పక్కకి ఆగబట్టే కిందకి చూశాను. మేమెక్కి వచ్చిన దారి ఎవరో పారేసుకున్న తాడులా కొండ చుట్టూ పడి ఉంది. దాని కింద మా పల్లపు నేలంతా, చెరుకూ వరీ చెరువులూ, లేత నీలం పొగలో మునిగి ఉంది. ఇంత ఎత్తు మీద ఇన్ని కొండలుండగా అరవై ఏళ్లు నేను కిందే తిరుగుతూ ఎవరేమన్నారో లెక్క రాసుకున్నానా అనిపించింది. ఒక్క నిమిషమే అనిపించింది.

పైకి వెళ్లాక సిల్వరోకు చెట్లు నిటారుగా, వాటికి పాకిన మిరియం తీగలు, నీడలో కాఫీ మొక్కలు. కిటికీ దించితే గాలి చల్లటి నీళ్లు చిలకరించినట్టు తగులుతోంది. నూకరత్నం శాలువా తీసి కప్పుకుంది. నేను ఇంజను చప్పుడే వింటున్నాను.

పడుకోబెట్టిన జీపులు

లంబసింగి చేరేసరికి నాలుగు దాటింది. గది అద్దె పదిహేను వందలు. వేడినీళ్లు బకెట్టుకి యాభై. గదికి అంత తీసుకుని నీళ్లకి మళ్లీ యాభై ఏమిటని పది నిమిషాలు వాదించాను. ఆ పది నిమిషాల్లోనే ఎండ వెళ్లిపోయింది. మా ఊళ్లో సాయంత్రం మెల్లగా దిగుతుంది. ఇక్కడ సూర్యుడు కొండ వెనక్కి వెళ్లగానే తలుపు మూసినట్టు చలి వచ్చి మీద పడింది. ఇంక వాదించకుండా యాభై ఇచ్చేశాను.

బయట రోడ్డు పక్కన ఒక విచిత్రం చూశాను. జీపుల వాళ్లు బళ్లని పడుకోబెడుతున్నారు. ఆ మాట నాది కాదు, వాళ్లదే. ప్రతి బండీ ముక్కు తూర్పుకి తిప్పి, కాస్త వాలులో నిలబెట్టి, చక్రాల కింద రాయి పెట్టి, బానెట్టు మీద గోనెసంచులు కప్పుతున్నారు. పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు అంచులు లోపలికి దోపుతున్నారు. మా ఊళ్లో బండిని నీడలో పెట్టడానికి మనుషులు కొట్టుకుంటారు. వేపచెట్టు కింద జాగా కోసం పక్కింటాయనతో నాకు రెండేళ్లు మాటల్లేవు. ఇక్కడ వీళ్లు రేపు పొద్దున్న వచ్చే మొదటి ఎండ కోసం ఈ సాయంత్రమే జాగా చూసుకుంటున్నారు.

నేను అలవాటు కొద్దీ చెట్టు కింద పెట్టాను.

ఒక జీపాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. చెవుల మీదుగా తువ్వాలు చుట్టుకున్నాడు. పేరు బొంజుబాబు అని తర్వాత తెలిసింది. "బాబూ, సెట్టు కింద ఎట్టేరేటి? పొద్దున్న ఎండ తగల్దు. ఇటు తిప్పండి, నాను సూత్తాను."

"మా బండి సంగతి మాకు తెలుసు" అన్నాను.

"సరే బాబూ" అని వెళ్లిపోయాడు.

మొదటి తెల్లవారు

ఐదున్నరకి తలుపు తీస్తే ఊరు లేదు. తెల్లటి పొగమంచు తప్ప ఏమీ లేదు. కాళ్ల కింద గడ్డి కరకరలాడింది. వంగి చూస్తే ప్రతి గడ్డిపరకకీ ఉప్పు రాసినట్టు మంచు అంటుకుని ఉంది. సాలెగూడు ఒకటి దారప్పోగుల్లా తెల్లబడి ఉంది. వేలితో తాకితే విరిగింది. ఇలాంటిది పుస్తకాల్లో ఉంటుందనుకున్నాను గానీ, మా ఊరి నుంచి ఒక్క పూట దూరంలో ఉందనుకోలేదు. కారు అద్దం మీద ఆకుల ఆకారంలో ముగ్గులేసి ఉన్నాయి. చెట్టు నుంచి రాత్రంతా మంచు కారి బానెట్టు మీద పేరుకుంది.

తాళం తిప్పాను. ఇంజను బద్ధకంగా తిరిగింది, అంటుకోలేదు. మళ్లీ తిప్పాను. వెనక గొట్టం నుంచి తెల్లపొగ. ఆపకుండా తిప్పాను. అరకు, తాడు, వీడియో, పంతొమ్మిది పేర్లు అన్నీ ఆ తాళంలోనే ఉన్నట్టు తిప్పాను. కాసేపటికి టక్ మంది. ఇంక తిరగడం కూడా మానేసింది.

"ఒకటయిపోయింది" అంది నూకరత్నం శాలువాలోంచి.

పొగమంచులోంచి బొంజుబాబు వచ్చాడు. నేను ఒళ్లంతా బిగబట్టుకుని నిలబడ్డాను. 'నిన్న చెప్పాను కదా' అంటాడు. అంటే ఏం జవాబివ్వాలో సిద్ధంగా ఉంది. అతను ఆ మాట అనలేదు. సాయంత్రం వరకూ ఎదురుచూశాను, అనలేదు. కారు వెనక గొంతుకూర్చుని పొగ గొట్టం దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"పొగ తెల్లగొచ్చింది కదా బాబూ? పచ్చి డీజిలు వాసన. డీజిలు వత్తంది, మండట్లేదు. పొగే రాకపోతే డీజిలు రాట్లేదని. నల్లగొత్తే గాలి సాల్లేదని. నీలంగొత్తే ఇంజినాయిలు మండుతున్నాదని. మీది సలి జబ్బే. పదండి, షెడ్డుకి తోద్దాం."

అరకులో తాడు కట్టి లాగిన కారుని ఇక్కడ నలుగురు జీపుల వాళ్లు చేతుల్తో తోసుకెళ్లారు. ఎవరూ ఫోను తీయలేదు.

నాలుగు కుంపట్లు

బొంజుబాబు షెడ్డంటే నాలుగు కర్రలు, రెండు రేకులు. జీపు తోలడం అతని పని, రిపేర్లు అవసరం కొద్దీ నేర్చుకున్నవి. ముందు బ్యాటరీ కొసల మీద పేరుకున్న తెల్లటి పిండి మీద వేడినీళ్లు పోసి బ్రష్షుతో తోమాడు. జీపు బ్యాటరీకి వైర్లు కలిపి తిప్పమన్నాడు. ఇంజను హుషారుగా తిరిగింది, కానీ అంటుకోలేదు. "అయితే బ్యాటరీ ఒకటే కాదు" అన్నాడు.

అతని ఇంటావిడ చోడి అంబలి, అదే రాగి జావ, గ్లాసుల్లో పోసిచ్చింది. మేం మజ్జిగ కలిపి చల్లగా తాగుతాం. వీళ్లు వేడివేడిగా, ఉప్పూ ఉల్లిపాయా వేసి తాగుతారు. గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుంటే వేళ్లు మళ్లీ నావయ్యాయి.

"డీజిలు బండికి నిప్పురవ్వుండదు బాబూ" అన్నాడు బొంజుబాబు. "గాల్ని నొక్కీసి నొక్కీసి ఏడెక్కిత్తాది. ఆ ఏడికి డీజిలు అంటుకుంటాది. ఇనుమంతా సల్లబడిపోతే ఎంత నొక్కినా ఏడి సాల్దు. అందుకని లోపల నాలుగు హీటరు ప్లగ్గులెట్టేరు. నాలుగు సిన్న కుంపట్లనుకోండి. తాళం సగం తిప్పితే పసుప్పచ్చ లైటు ఎలుగుతాది కదా, సుట్టలు సుట్టినట్టు? అది ఆరేదాకా ఆగి అప్పుడు సెల్ఫు కొట్టాల."

"మా కారులో అలాంటి లైటే లేదు" అన్నాను.

"ఉంటాది."

"లేదు. పదకొండేళ్లుగా నేనే తోలుతున్నాను."

అతను లేచాడు. బానెట్టులో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఒక వైరుని వేళ్లతో తడుముకుంటూ పోయాడు. వైద్యుడు నాడి పట్టి చూసినట్టు కాదు, గుడ్డివాడు తన ఇంట్లో గోడ పట్టుకుని నడిచినట్టు. బ్యాటరీ వెనక ఆగాడు. లావుపాటి వైరు కొస ఒకటి బయటకి లాగాడు. దానికి నల్ల టేపు చక్కగా చుట్టి, పైన దారం కట్టి ఉంది.

"ఇది తెగలేదు బాబూ. కోసేసేరు. సుబ్బరంగా సుట్టి మరీ దాసేరు. కిందోళ్ల పనే ఇది. కింద నుంచొచ్చీ బళ్లు సేనా ఇలాగే వత్తాయి. మీ ఎండలకి హీటరెందుకని తీసేత్తారు. ఎండలో అంతా బాగుంటాది. ఇక్కడికొచ్చేక ఏడుత్తారు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవడు కోశాడు? సర్వీసు సెంటరు వాళ్లా? నాకు ఈ కారమ్మిన మనిషా? ఎవరెవరి మీద ఫిర్యాదు రాయాలో లెక్కపెడుతూ టేపు వైపు చూస్తుంటే, ఆ దారం గుర్తొచ్చింది. బెల్లం దిమ్మల మీద గోనెలు కుట్టే పురికొస అది. ఎనిమిదేళ్ల కిందట, మే నెలలో, వారానికోసారి బ్యాటరీ దిగిపోతుంటే అప్పారావు బానెట్టు ఎత్తి, "హీటరు లైను ఆగకుండా తాగేత్తంది బావా. మనూరికి హీటరేటి, దండగ. కోసీమంటావా?" అన్నాడు. కోసెయ్ అన్నాను. పురికొస నేనే తెచ్చిచ్చాను. ఖర్చు లేకుండా బాగుచేయించానని మార్కెట్లో నలుగురికీ చెప్పుకున్నాను కూడా. అప్పారావూ మర్చిపోయాడు, నేనూ మర్చిపోయాను. నవ్విన పంతొమ్మిది మందీ గుర్తున్నారు గానీ, నేనన్న ఆ ఒక్క మాట గుర్తులేదు.

నూకరత్నం నా మొహం చూసింది. "ఏటండీ, కోసినోడు గుర్తొచ్చేడా?"

"వచ్చాడు."

"అయితే ఆ పేరు కూడా రాసుకోండి" అంది.

చింతపల్లి దాకా

బొంజుబాబు నాలుగు ప్లగ్గులూ విప్పాడు. పెన్సిలంత లావు లేవు. ఒక్కోదాన్ని వైరుతో బ్యాటరీకి తగిలించి పట్టుకున్నాడు. మొదటిది నల్లగానే ఉంది. రెండోదాని కొస మెల్లగా ఎరుపెక్కింది, తర్వాత నారింజ రంగు, తర్వాత కమ్మరి కొలిమిలో ఇనుములా ధగధగా వెలిగింది. నోరెళ్లబెట్టి చూశాను. ఎనిమిదేళ్లు నా ముందే, ఒక్క రేకు అవతల, ఇవి చీకట్లో పడున్నాయి. మూడోదీ వెలిగింది. నాలుగోది చచ్చిపోయింది.

కొత్తవి రెండు కావాలి. అతని మోటారు సైకిలు వెనక కూర్చుని చింతపల్లి వెళ్లాను. దారికి రెండు పక్కలా పూత మీదున్న వలిసె చేలు. కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టు ఉంది. ఆ పసుపు మధ్య రాజ్‌మా కోసే ఆడవాళ్లు తలెత్తి చూసి బొంజుబాబుని పలకరించారు. "ఎవుల్ని అట్టుకెల్తన్నావు మామా?" "కిందోరు. బండికి జొరం." వాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఎందుకో నాకు తగల్లేదు.

స్పేరు పార్టుల కొట్లో ఆ సైజు ఒక్కటే ఉంది. మూడు వందల యాభై. ఎంత వెతికించినా రెండోది దొరకలేదు.

"మూడుంటాయి. నాలుగోది సల్లగుంటాది" అన్నాడు బొంజుబాబు. "లేత్తాదనుకుంటాను. సెప్పలేం బాబూ. సలిని బట్టి."

తిరిగొచ్చి మూడు ప్లగ్గులూ బిగించాడు. ప్లగ్గులకి కరెంటు పంపే రిలే కాలిపోయి ఉంటే దాన్ని పక్కన పడేసి, పాత ట్రాక్టరు నుంచి తీసిన హీటరు స్విచ్చు స్టీరింగు కింద పెట్టాడు. "ఇది నొక్కి అట్టుకుని, నిదానంగా పది లెక్కెట్టండి. అప్పుడే సెల్ఫు. సెల్ఫు కూడా పది లెక్కకి మించి కొట్టకూడదు. పొద్దున్నలాగ కొడితే కొత్త బ్యాటరీ అయినా సచ్చిపోతాది." రోజంతటికీ అతను నన్ను తప్పుపట్టింది ఆ ఒక్క మాటలోనే. నిజమే కాబట్టి రాసుకోలేదు.

ఆ సాయంత్రం కారుని నా చేత్తోనే పడుకోబెట్టాను. ముక్కు తూర్పుకి తిప్పాను. గోనెసంచుల అంచులు ఎలా దోపాలో అతను రెండుసార్లు చూపించాడు.

రెండో తెల్లవారు

ఈసారి నిన్నటి కన్నా చలి ఎక్కువ. బకెట్లో నీళ్ల మీద పల్చటి పెంకు కట్టింది. గోనెల మీద మంచు గట్టిపడి, లాగితే అట్టముక్కల్లా విరిగాయి. బొంజుబాబు అప్పటికే పాత ఇనప మూకుట్లో నిప్పులు తెచ్చి ఇంజను కింద పెట్టాడు. "ఆయిలు గడ్డకట్టినట్టుంటాది. కొంచెం కదలాల కదా" అని, పావుగంట కాపలా కాసి, జాగ్రత్తగా బయటకి లాగేశాడు.

నేను డోరు తీయబోతే నూకరత్నం అడ్డొచ్చింది. "మీరొద్దు. మీరు కొడితే తిట్టినట్టుంటాది. నాను సేత్తాను."

"నీకు కారు తోలడం రాదు కదా."

"తోలమన్నాడేటి? నొక్కమన్నాడు, లెక్కెట్టమన్నాడు."

డ్రైవరు సీట్లో కూర్చుంది. గేరులో లేదని బొంజుబాబు చూసుకున్నాడు. అటు పక్క అతను, ఇటు పక్క నేను. ఆవిడ స్విచ్చు నొక్కి పైకే లెక్కపెట్టింది. ప్రతి అంకెకీ నోట్లోంచి పొగ వచ్చింది. తర్వాత తాళం తిప్పింది.

ఇంజను తిరిగింది. తిరిగింది. ఒక్కసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. కారంతా వణికి, ఆగిపోయింది.

ఎంత నిశ్శబ్దమంటే, ఎక్కడో లోయలో కోడి కూస్తే పక్కనే కూసినట్టుంది. నేను తాళం చెవుల గుత్తి వైపే చూశాను. ఒక్క తాళానికి అని ఒప్పుకున్నది నేను. మాట తప్పినవాళ్లని జన్మలో క్షమించనివాణ్ణి. ఇంకోసారి కొట్టి చూడమని ఏ మొహం పెట్టుకుని అడగను?

"అయిపోయింది రత్నం" అన్నాను. "మాట మాటే. సూరిబాబుకి ఫోను చెయ్యి."

ఆవిడ దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ముందుకే చూస్తూ, "ఉండండి. నాను ఎనిమిదే లెక్కెట్టేను" అంది. "సలికి తొందరపడ్డాను. నా తప్పుకి బండినంటారేటి? అది లెక్కలోకి రాదు."

బొంజుబాబు కొండల వైపు చూశాడు. "రాదు బాబూ" అన్నాడు.

మళ్లీ స్విచ్చు నొక్కింది. ఒకటి. రెండు. అంకెకీ అంకెకీ మధ్య ఊపిరి తీసుకుంటూ వెళ్లింది. పది అన్నాక తాళం తిప్పింది.

ముందు ఒక సిలిండరు అంటుకుంది. టుక్, టుక్ అని ఒంటరిగా, భయంభయంగా. దానికి రెండోది తోడొచ్చింది. మూడోది వచ్చింది. కారు కుంటుతూ, ఊగుతూ, తెల్లపొగ కక్కుతూ ఆగకుండా నిలబడింది. హీటరు లేని నాలుగోది చాలాసేపు రాలేదు. ఆ మూడింటి పక్కనుంటూ అదీ వేడెక్కిందేమో, ఉన్నట్టుండి కలిసింది. కుంటు పోయింది. నాలుగు గొంతులూ ఒక్కటైపోయి, పొగ తెలుపు నుంచి బూడిద రంగుకి, తర్వాత ఏమీ లేకుండా అయింది. అప్పుడే కొండ మీదుగా ఎండ వచ్చి బానెట్టుని తాకింది. దాని మీద మంచు చుక్కలుగా మారి, ఇంజను అదురుకి సన్నగా వణికి, ఒక్కోటీ జారింది. నేను చెయ్యి ఆనించి నిలబడ్డాను. వెచ్చగా ఉంది. తియ్యబుద్ధి కాలేదు.

"అమ్మం" అంది నూకరత్నం. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది.

మొదటిసారి కూడా ఆవిడ పదే లెక్కపెట్టింది. పక్కనే నిలబడి ప్రతి అంకే విన్నాను. బొంజుబాబూ విన్నాడు. ముప్పై ఏళ్లు మార్కెట్లో తూకంలో అర కిలో తేడా వచ్చినా ఎవరినీ వదలనివాణ్ణి. నర్సీపట్నం ఘాటీ దిగేదాకా ఆవిడ పక్కనే ఉంది, కావలసినంత సమయం ఉంది. ఆ లెక్క మాత్రం నేను దిద్దలేదు.